మౌలాలి దీవికి ఎనిమిది క్యాసెట్లు

మౌలాలి భార్య షహజాది ఫోన్ చేసేసరికి నేను చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాను. ఆవేళ మౌలాలిని ఆసుపత్రిలో చేర్చాలి, మర్నాడు పొద్దున్న ఆపరేషన్. కుడిచెవి నరం మీద గడ్డ లేచింది. అది లోపలికి పెరిగి మెదడుని నొక్కుతోంది. ఇదివరకు రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ ఎగ్గొట్టాడు.

"రాజన్నా, మళ్ళీ రానంటన్నాడు. ఇంకో వారం కావాలంట. నువ్వొచ్చి సెప్పు. నా వల్ల కావట్లేదు," అంది. ఏడవలేదు. ఏడ్చినా నాకంత భయం వేసేది కాదు.

"ఎన్నయ్యాయంట?"

"అయిదు. ఇంకా మూడు ఎంచుకోవాలంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి గోడ పట్టుకుంటేగాని నడవలేకపోతున్నాడు, తిన్నది కక్కుకుంటున్నాడు, మొహంలో సగం మొద్దుబారింది. అలాంటివాడు మేడగదిలో కూర్చుని క్యాసెట్లు ఎంచుకుంటున్నాడు. ఇల్లు కాలుతుంటే చుట్టకి నిప్పడిగేవాళ్ళ గురించి విన్నాను గానీ, కాలేది తన ఇల్లే అయినా అడిగేవాడిని ఇతన్నే చూశాను.

నా పేరు సన్యాసిరాజు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాను. మాది ఆనందపురం అవతల పల్లె, మౌలాలిది పాతూరు. చుట్టరికం ఏమీ లేదు. మా విశాఖలో ఇద్దరు మగాళ్ళు ఒకచోట నిలబడి టీ తాగితే బావలైపోతారు, మేమూ అలాగే అయ్యాం. వాళ్ళ నాన్న గొడుగులు బాగుచేసేవాడు. చిన్నప్పుడు చీము కారి మౌలాలికి ఎడమచెవి పోయింది. ఉన్న ఒక్క కుడిచెవినీ ఏ పనికి పెట్టాలో వాడికి బాగా తెలుసు. రేడియోలు బాగుచేసే కొట్లో పని నేర్చుకుని, పాతపోస్టాఫీసు దగ్గర సొంతంగా రికార్డింగ్ సెంటర్ తెరిచాడు.

ఇప్పటి పిల్లలకి ఆ కొట్టు సంగతి చెప్పాలి. ఖాళీ క్యాసెట్టు పట్టుకెళ్ళి, ఫలానా పాటలు కావాలంటే, సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాడు. గోడ పొడుగునా టేప్ డెక్కులు. ఒకదాంట్లో ఖవ్వాలీ, ఒకదాంట్లో జముకుల కథ, ఒకదాంట్లో సినిమా పాటలు, అన్నీ ఒకేసారి తిరిగేవి. కానీ కొట్లో చప్పుడుండేది కాదు. అన్నీ ఒకేసారి మోగితే పిచ్చెక్కిపోదూ? అందుకని సౌండు కట్టేసేవాడు. తిరిగే చక్రాలూ, సౌండు కొలిచే మీటర్లలో ఊగే సూదులూ చూస్తూ కూర్చునేవాడు. చక్రం మీద రిబ్బను ఎంత మిగిలిందో చూసి, ఇప్పుడు రెండో చరణం నడుస్తోంది, ఇప్పుడు ఫ్లూట్ వస్తుంది, అని చెప్పేవాడు. నేను నమ్మక సౌండు పెడితే సరిగ్గా అక్కడే ఉండేది.

"నీకెలా తెలిసింది బావ?" అంటే, "వినపడతంటే తెలీదేటి?" అనేవాడు.

ఓడల్లో పనిచేసేవాళ్ళు లంగరు దింపిన రోజు నుంచీ వాడి కొట్లోనే ఉండేవారు. నెలల తరబడి నీళ్ళ మీద బతకాలి, సామాను తక్కువ పట్టుకెళ్ళాలి, ఏ పాటలు తీసుకెళ్ళాలో వాళ్ళకి తేలేది కాదు. మౌలాలి వాళ్ళనొక ఆట ఆడించేవాడు. "ఓడ మునిగిపోయింది. మనిషన్నవాడు లేని దీవిలో పడ్డావు. ఎనిమిది క్యాసెట్లే ఉండనిత్తాను. ఏవి?" అనేవాడు. చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా చంటిపిల్లల్లా తగువు పడేవారు. చివరికి మౌలాలే ఎంచి ఇచ్చేవాడు, వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు దణ్ణం పెట్టేవారు. నన్నూ అడిగాడోసారి. నాకు సంగీతం సున్నా. ఏదో చెప్పాను. "గాడిదకేటి తెలుసు గంధప్పొడి వాసన," అని నవ్వాడు.

తర్వాత సీడీలొచ్చాయి, ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. అదే కొట్లో ఫోను కవర్లూ, ఛార్జర్లూ అమ్ముకున్నాడు. క్యాసెట్లన్నీ ఇంటి మేడగదికి చేరాయి.

గడ్డ సంగతి బయటపడిన రోజు ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ అనూరాధ దాపరికం లేకుండా చెప్పింది. "ఇది క్యాన్సర్ కాదు. కానీ ఉన్న చోటు మంచిది కాదు. తియ్యకపోతే ప్రాణానికే ముప్పు. తీస్తే ఆ చెవి నరం మిగలదు. కొంచెమే వినపడుతోంది కదా, అది కూడా పోతుంది."

మౌలాలి ఆవిడ మొహంలోకే చూస్తూ విన్నాడు. ఎడమచెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడిదీ పోతే మిగిలేది ఏమీ లేదు. ఆటోలో తిరిగొస్తున్నాం. కాన్వెంట్ జంక్షన్ దాటాక, "దీవి వచ్చేసింది బావ," అన్నాడు.

ఆ రోజు నుంచి మొదలైంది. చెవి పోయాక పాటని తలలో పెట్టుకునే వినాలట. వంద పెట్టుకుంటే ఏదీ నిలవదట. ఎనిమిది ఎంచి, ఒక్కొక్కటీ మొదట్నుంచి చివరిదాకా లోపల అచ్చుపడేదాకా వింటే, చచ్చేదాకా సరిపోతాయట. వినడానికి బాగానే ఉంది. కానీ ఒకటి ఎంచుతాడు, నాలుగు రోజులు వింటాడు, ఇంకోటి గుర్తొస్తుంది, మొదటిది తీసేస్తాడు. ఊరంతటికీ ఎంచిపెట్టినవాడు తన దగ్గరకొచ్చేసరికి ఏదీ తేల్చలేకపోయాడు. మొదటి తేదీ అలా పోయింది. రెండో తేదీ నాటికి మెట్ల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది, అయినా రాలేదు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఈసారి కూడా రాకపోతే తర్వాత నేనేం కాపాడగలనో నాకే తెలీదు. నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు," అంది.

మాటలు సరిగ్గా వినబడటం లేదని వాడే ఒప్పుకున్నాడు. ఎదురుగా నిలబడి పెదాలు కదిపితేనే జవాబిచ్చేవాడు. "మాటలు పోతన్నాయి గానీ బావ, పాట మాత్రం ఉన్నదున్నట్టు వినపడతంది. అల్లా అదొక్కటీ ఉంచాడు," అనేవాడు. ఆ ఒక్కదానికోసమే ఆపరేషన్ వాయిదా వేస్తున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసుకునేవాడిని.

ఫోన్ అందుకుని ఆ బుధవారం నేను వెళ్ళేసరికి షహజాది బురఖా వేసుకుని, బట్టల సంచీ గుమ్మం దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేసే వాళ్ళ కూతురు నర్గీస్, సెలవు పెట్టి అప్పటికే ఆసుపత్రిలో కూర్చుంది. అక్కణ్ణుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

"పన్నెండు లోపల సేర్చకపోతే ఆ మంచం వేరేవాళ్ళకి ఇచ్చేత్తారంట," అంది షహజాది.

"ఆడేటి సేత్తన్నాడు?"

ఆవిడ పైకి చూపించింది. మేడగదిలోంచి సన్నాయి వినపడుతోంది.

మెట్లు ఎక్కుతుంటేనే నాకు కోపం కట్టలు తెంచుకుంది. గదిలో మౌలాలి డెక్కు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ క్యాసెట్ల గుట్టలు. నా నీడ పడగానే తిరిగి చూసి, సగం మొహంతో నవ్వి, "కూకో బావ. ఆరోది దొరికింది. భీమిలి జాతరలో నానే ఎక్కించింది," అని మళ్ళీ డెక్కు వైపు తిరిగిపోయాడు.

"బావా, లెగు. ఆటో పిలిసేను," అన్నాను. కదల్లేదు. గొంతు పెంచాను. "నీ పెళ్ళాం కింద సంచీ అట్టుకుని నిలబడిపోనాది. నీ కూతురు ఆసుపత్రిలో దిక్కులు సూత్తన్నాది. నీకు సన్నాయి కావాల్సొచ్చిందా? సచ్చిపోతావు బావా. సచ్చిపోయాక ఏటి ఇంటావు?"

వీపు నా వైపే పెట్టి కూర్చున్నాడు. కుడిచేతి వేలు మోకాలి మీద తాళం వేస్తోంది.

నాకు ఒళ్ళు తెలీలేదు. పెద్ద చెక్క స్పీకరు పెట్టె తలుపు వార నా కాళ్ళ దగ్గరే ఉంది. దాని వైరు పట్టుకుని ఒక్క లాగు లాగాను. సన్నాయి తెగిపోయింది. వాడిప్పుడు లేచి నా మీదకి వస్తాడు, రానీ, రెక్క పట్టుకుని మెట్లు దింపేస్తాను అనుకున్నాను.

వాడు లేవలేదు.

గది అంతా నిశ్శబ్దం. కింద వీధిలో చేపలామె కేక, దూరంగా పోర్టులో ఓడ కూత తప్ప ఏమీ లేదు. డెక్కులో చక్రాలు తిరుగుతున్నాయి, సూదులు ఊగుతున్నాయి. మౌలాలి వేలు తాళం తప్పకుండా కొడుతూనే ఉంది. కాసేపటికి తల ఆడిస్తూ, "ఇక్కడ సూడు బావ, డోలు ఆగిపోతాది. సన్నాయొక్కడే ఎల్తాడు పైకి. ఎల్తాడు, ఎల్తాడు... అబ్బ!" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

నా చేతిలో వైరు వేలాడుతోంది. 

వెనక షహజాది వచ్చి నిలబడింది. నా చేతిలో వైరు చూసింది, ఆయన్ని చూసింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"రంజాన్ అయిన కాణ్ణుంచి," అంది. "ఓ రోజు నానే సౌండు తగ్గించేను, పక్కింటోళ్ళు తిడతన్నారని. పూర్తిగా తగ్గిపోనాది. ఆయన అలాగే ఊగతన్నాడు."

"తెలిసి కూడా సెప్పలేదా? ఏ చెవి కోసం ఆగతన్నాడో ఆ చెవే లేదని ఒక్క మాట సెప్తే నెల కిందటే ఆపరేషన్ అయిపోను కదమ్మా!"

"ఎలా సెప్పమంటావు రాజన్నా?" ఇప్పుడు ఏడ్చింది. "అదొక్కటీ ఉందనుకుని బతుకుతున్నాడు. నీకు అదీ లేదని నా నోటితో అనమంటావా? అందుకే నిన్ను రమ్మన్నాను. నువ్వు కోపిష్టోడివి, ఎలాగోలా లాక్కుపోతావనుకున్నాను."

వాడిని ఏం అనను? కొట్లో సౌండు కట్టేసి, చక్రాలు చూస్తూ పాటలు విన్న మనిషి వాడు. ఇన్నేళ్ళు కంటితో విన్నవాడికి చెవి ఎప్పుడు మానేసిందో తెలియలేదు. ఇంకెవరైనా అయితే మొదటి రోజే తెలిసిపోయేది. వాడి పనితనమే వాడి కళ్ళు కప్పింది.

మా నీడలు కదలడం చూశాడేమో, వెనక్కి తిరిగాడు. నా పెదాల వైపు, ఆవిడ పెదాల వైపు చూశాడు. "ఏటి మాటాడుకుంటన్నారిద్దరూ? నాకు సెప్పండి," అన్నాడు.

 వైరు కొస పైకెత్తి చూపించాను.

వాడు దాన్ని చూశాడు. స్పీకరుని చూశాడు. మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, స్పీకరు జాలీ మీద అరచెయ్యి ఆనించాడు. మోగే స్పీకరైతే చేతికి అదురు తెలుస్తుంది. అలాగే చాలాసేపు ఉంచాడు. తర్వాత చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

షహజాది ఎదురుగా కూర్చుని పెదాలు నెమ్మదిగా కదిపింది. వాడు తల ఊపాడు. అంటే రంజాన్ తర్వాత ఎంచిన మూడు క్యాసెట్లూ వాడు విననే లేదు. రోజుల తరబడి తీసి, పెట్టి, మళ్ళీ తీసి, నానా అవస్థా పడి ఎంచినవి. ప్రాణం పణంగా పెట్టి ఎంచినవి. నాకు వాడిని కొట్టాలనీ, గట్టిగా పట్టుకోవాలనీ కూడా అనిపించింది.

"ఇంక ఆగడానికేటుంది? లెగు బావ," అన్నాను.

అప్పుడు వాడన్న మాట నేను ఊహించనిది. "రాను," అన్నాడు. "చెవి పోతే పోనాది. ఇది లోపల్నుంచి వత్తంది కదా. ఇప్పుడు కూడా వత్తంది. తలకాయ ఇప్పితే ఆయమ్మ దీన్ని కూడా తీసేత్తే? అప్పుడు నాకేటి ఉంటది బావ? ఒట్టి దీవే కదా!"

ఇంతసేపూ ఎంపిక కోసమే ఆగుతున్నాడనుకున్నాను, ఇప్పుడు అసలు భయం బయటపడింది. టైము పదకొండు దాటిపోతోంది.  తీసెయ్యదులే అని అబద్ధం చెప్పొచ్చు, కానీ పెదాలు చదివేవాడికి మొహం కూడా చదవడం వచ్చు.

షహజాది లేచి డెక్కు బొత్తాం నొక్కింది. చక్రాలు ఆగిపోయాయి. సూదులు పడిపోయాయి. వాడు అదిరిపడ్డాడు. ఆవిడ తన అరచెయ్యి వాడి కళ్ళ మీద కప్పి, కాసేపు ఉంచి, తీసి, "వత్తందా?" అని అడిగింది.

వాడు తనే మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.  రాకపోతే ఈ మనిషిని ఇంక లేపలేం.

"వత్తంది," అన్నాడు.

"మిషను లేకుండా వత్తంది. సూడకుండా వత్తంది," అంది షహజాది. ఒక్కో మాటా విడదీసి, వాడి గడ్డం పట్టుకుని చెప్పింది. "ఎనిమిదేటి, ఈ గదంతా నీలోనే ఉంది. ఆపరేషన్ తర్వాత ఉంటాదో పోతాదో ఆ అల్లాకే తెలుసు. నువ్వు సచ్చిపోతే మాత్రం ఉండదు. అది నాక్కూడా తెలుసు."

 వాడు నా వైపు తిరిగి, "భయమేత్తంది బావ," అన్నాడు.

"నాకూ ఏత్తంది," అన్నాను. అంతకంటే నిజం నేనెప్పుడూ చెప్పలేదు.

చెయ్యి అందించాను. లేచాడు. గుమ్మం దగ్గర షహజాది, ఎంచిపెట్టిన అయిదూ సంచీలో వెయ్యనా అని సైగ చేసింది. వద్దన్నాడు. మెట్లు దింపేసరికి నా వీపు తడిసిపోయింది. ఆటోలో వాంతి చేసుకున్నాడు. పన్నెండుకి ఇంకా కొద్ది నిమిషాలున్నాయనగా చేరాం. నర్గీస్ గేటు దగ్గరే నిలబడి మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టి, నాన్నని పట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చినప్పుడు మౌలాలే అడిగాడు, లోపల వినపడేది ఉంటుందా పోతుందా అని. ఆవిడ వాడికి కనపడేలా వంగి, "చెప్పలేనండీ. కొందరికి ఉంటుంది, కొందరికి పోతుంది. నేను మాటివ్వలేను," అంది. వాడు సరేనన్నాడు. మర్నాడు తీసుకెళ్తుంటే నా వేలు పట్టుకున్నాడు. తలుపు దగ్గర నర్సు విడిపించింది.

గడ్డ తీసేశారు. ప్రాణానికి ఫరవాలేదన్నారు. మౌలాలి కళ్ళు తెరిచాడు, నీళ్ళు తాగాడు, మనుషుల్ని గుర్తుపట్టాడు. కానీ మాట్లాడలేదు. అడిగితే తల ఊపడం, లేకపోతే గోడ వైపు తిరిగిపోవడం. షహజాది నా వైపు చూసేది, నేను ఆవిడ వైపు చూసేవాడిని. అడగాల్సింది ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ ధైర్యం లేదు. పోయిందని అంటే? అప్పుడు ఏ మొహం పెట్టుకుని ఎదురుగా కూర్చోవడం? లాక్కొచ్చింది మేమే కదా!

వార్డుకి మార్చిన రోజు నేనే తెగించాను. మంచం మీదకి వంగి, పెదాలు పెద్దవిగా చేసి, "వత్తందా?" అన్నాను.

వాడు కళ్ళు మూసుకున్నాడు. మొహం చిట్లించాడు. షహజాది నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"వత్తంది," అన్నాడు. తన గొంతు తనకి వినపడదు కదా, వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. "నాను ఎంచింది ఒక్కటీ రావట్లేదు బావ! మన కొట్టుకి ఎదురుగా తిరుమలరావు టిఫిను హోటలుండేది సూడు. ఆడు రోజూ తెల్లారగట్ల ఏసేవోడే, అరిగిపోయిన భక్తిపాటల క్యాసెట్టు. రిబ్బను సాగిపోయి ఏడుత్తున్నట్టుండేది. ఆపరా బాబూ అని ఎన్నిసార్లు తగువేసుకున్నాను! అదే వత్తంది. ఆగకుండా అదే వత్తంది!"

నాకు నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో తెలీలేదు. షహజాది మంచం అంచు మీద కూలబడి మొహం కప్పుకుంది. నేను చెయ్యి ఆడించి, వెళ్ళి ఆ తిరుమలరావుతో ఆపమని చెప్పనా అని పెదాలు కదిపాను.

మౌలాలి గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "వొద్దు బావ," అన్నాడు. "ఉండనీ."